ఇసుక నుంచి టచ్‌స్క్రీన్ వరకు: పలుచని అద్దం – నెల్లూరు తీరం

వెంకటాచలం (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా): చేతిలోని సెల్‌ఫోను మొదలుకొని తరగతి గది గోడపై అమర్చిన పెద్ద డిజిటల్ తెర వరకు అన్నింటికీ పైకవచం అద్దమే. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలలో 2023లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు ఏర్పాటైన నాటి నుంచి గ్రామీణ విద్యార్థులకు సైతం ఈ తెరలు సుపరిచితములైనవి. అద్దానికి మూలపదార్థమైన సిలికా ఇసుక వెంకటాచలానికి దక్షిణాన చిల్లకూరు, కోట, వాకాడు మండలాల తీరంలో విస్తారంగా లభిస్తున్నది. దశాబ్దాలుగా అది ముడిసరుకుగానే లారీలలో తరలిపోతున్నది. ఇసుక ఉన్నచోటనే తెర అద్దం ఎందుకు తయారు కాదన్న ప్రశ్న ఈ ప్రాంత యువతకు కలగడం సహజం. దానికి సమాధానం అద్దం తయారీ విధానంలోనే ఉన్నది.

సాధారణ అద్దానికీ దీనికీ భేదం

కిటికీ అద్దంలో సుమారు 70 శాతం పైగా సిలికా, మిగిలిన భాగంలో ముఖ్యంగా సోడా, సున్నం ఉంటాయి. కరిగిన గాజును కరిగిన తగరంపై తేలియాడించి పలకగా చేసే ఫ్లోట్ పద్ధతిని బ్రిటన్‌కు చెందిన పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించినది. టచ్‌స్క్రీన్ పైకవచానికి వాడే మేలురకం అద్దంలో సున్నానికి బదులు అల్యూమినా అధికంగా చేర్చబడుతుంది. దీనిని అల్యూమినోసిలికేట్ అద్దం అందురు. దీనిని కరిగించుటకు మరింత అధిక ఉష్ణోగ్రత అవసరం.

ఇసుకలో ఇనుము ఉన్నచో అద్దానికి పచ్చని ఛాయ వస్తుంది. కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూచినచో ఈ పచ్చదనం స్పష్టమగును. సాధారణ అద్దంలో ఐరన్ ఆక్సైడు 0.1 శాతం వరకు ఉన్నను చెల్లుతుంది. అతి నిర్మలమైన అద్దంలో అది 0.01 శాతం పరిసరాలకు తగ్గవలెను. కనుకనే ఇసుకను కడుగుట, జల్లించుట, అయస్కాంతాలతో ఇనుప ఖనిజాలను వేరుచేయుట కీలకమైన దశలు.

పలుచని అద్దానికి బలం

మందపాటి అద్దాన్ని వేడిచేసి, గాలితో హఠాత్తుగా చల్లార్చి గట్టిపరుస్తారు. మిల్లీమీటరు మందం గల అద్దంలో పైపొర, లోపలి భాగం దాదాపు ఒకేసారి చల్లారిపోవుట వలన ఈ పద్ధతి ఫలించదు. అందుచేత అద్దాన్ని సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిగల పొటాషియం నైట్రేట్ ద్రవంలో ముంచుతారు. పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటకు పోయి, వాటి స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లు చేరతాయి. బెంచీపై సన్ననివాడు లేచిన చోట లావుపాటివాడు ఇరుక్కొని కూర్చున్నట్లు పైపొర అంతా బిగిసిపోతుంది. అద్దం పగులుటకు కారణమైన సూక్ష్మమైన బీటలను ఆ బిగువు విచ్చుకోనీయదు. అమెరికాలోని కార్నింగ్ సంస్థ 1960 దశకంలోనే ఇటువంటి అద్దాన్ని రూపొందించినను, 2007లో ఐఫోను వచ్చిన తరువాతనే దానికి విశేష గిరాకీ ఏర్పడినది.

తెర పెద్దదైనచో...

పెద్ద తెరకు పెద్ద పలక కావలెను. అది పలుచగా, సమతలంగా ఉండవలెను. కరిగిన గాజు ఒక తొట్టె నుంచి ఇరువైపులా పొంగి, అడుగున కలిసి, పలకగా దిగే పద్ధతిలో అద్దం ఉపరితలాన్ని ఏ వస్తువూ తాకదు. కనుక దానికి మెరుగు పెట్టవలసిన పని ఉండదు. తెర లోపల ట్రాన్సిస్టర్లు అమర్చే అద్దం మరొక రకం. సోడియం ట్రాన్సిస్టర్లను చెరచును కావున అందులో క్షారాలు ఉండరాదు. ఆధునిక కర్మాగారాలలో ఈ పలకలు సుమారు 2.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు వరకు ఉంటాయి.

తరగతి గదులలోని పెద్ద తెరలలో అనేకం చట్రంలోని పరారుణ కిరణాల సాయంతో స్పర్శను గుర్తిస్తాయి. వాటికి మూడు, నాలుగు మిల్లీమీటర్ల గట్టి అద్దం సరిపోతుంది. సెల్‌ఫోను తరహా తెర మాత్రం వేలి విద్యుత్ ప్రభావాన్ని అద్దం గుండా గ్రహించవలసి ఉన్నందున పలుచదనం అందులో ప్రధానం.

తీరానికి లాభం, తీరానికి జాగ్రత్త

ముడి ఇసుక కంటే శుద్ధిచేసిన ఇసుకకు, దానికంటే గాజు పలకకు, దానికంటే కోసి, గట్టిపరచి, అంచులు తీర్చిన తెర అద్దానికి విలువ పెరుగుతూ పోతుంది. గాజు కొలిమి స్థాపనకు భారీ పెట్టుబడి, ఎడతెగని ఇంధన సరఫరా కావలెను. శుద్ధి, కోత, అంచుల మెరుగు వంటి దశలు తక్కువ పెట్టుబడితో సాధ్యం. వాటికి నైపుణ్యం గల కార్మికులే ప్రధానం. వెంకటాచలం మీదుగా జాతీయ రహదారి, చెన్నై–విజయవాడ రైలుమార్గం, కృష్ణపట్నం ఓడరేవుకు రైలు శాఖ ఉన్నవి. శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్ల కూర్పు మొదలైనది. సరుకూ గిరాకీ సమీపంలోనే ఉండుట ఈ ప్రాంతానికి కలిసివచ్చే అంశం.

అయితే తీరంలోని ఇసుక దిబ్బలు కేవలం ఖనిజం కావు. వర్షపు నీటిని ఇంకించుకొని, ఉప్పునీటిపై తీపినీటి పొరను నిలుపునవి అవే. నీటిమట్టానికి దిగువన త్రవ్వినచో ఆ పొర తరిగి, సముద్రపు నీరు బావులలోకి చొరబడే ప్రమాదం కలదు. దిబ్బ పోయిన పిదప ఆ నీటిని తిరిగి తెచ్చుట సులభం కాదు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం సిలికా ఇసుకను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చినందున దాని లీజుల నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనివి. అనుమతించిన హద్దు, లోతు, రవాణా పత్రాలు సక్రమంగా ఉన్నవా అన్నది తీర గ్రామాల వారు తెలుసుకొని ఉండుట అవసరం. తక్కువ ఇసుకతో ఎక్కువ విలువ సాధించిననాడే తీరానికి ఉపాధి, బావికి తీపినీరు రెండూ దక్కగలవు.