సగటులో కనిపించని సిగ్నల్
నల్లమల అంచు పల్లెల్లో డిజిటల్ తప్పులను ఎక్కడ కొలవాలి?

మార్కాపురం బజారులో తోపుడు బండికి అతికించిన క్యూఆర్ స్టిక్కర్ ఎండకు వెలిసి, ఓ మూల చిరిగినా ఫోన్ దాన్ని చదివేస్తుంది. ఆ నలుపు తెలుపు గళ్లలో ఖాతా వివరాలతో పాటు, చెరిగిపోయిన భాగాన్ని తిరిగి లెక్కగట్టుకోవడానికి కావలసిన అదనపు సమాచారమూ ఉంటుంది. ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం దాకా పాడైనా విషయం దక్కుతుంది. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో ఈ పద్ధతిని ప్రపంచానికిచ్చారు. 1986లో దాదాపు 300 కోట్ల కిలోమీటర్ల దూరంలోని యురేనస్ గ్రహం దగ్గర నుంచి వాయేజర్-2 పంపిన ఫొటోలు చెక్కుచెదరకుండా భూమికి చేరడంలో ఈ పద్ధతి పాత్ర ఉంది. అలాంటప్పుడు దోర్నాల, యర్రగొండపాలెం మండలాల్లోని ఒక గూడెం నుంచి ఒక చిన్న ఫొటో సర్వర్‌కు చేరలేదంటే, తప్పును సరిదిద్దే విద్య మనకు లేక కాదు. ఆ తప్పు ఎంత జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది అన్నది ఆ ఊళ్లోనే కొలిచి, బయటపెట్టే ఏర్పాటు లేకనే.

ఇది సినిమా మధ్యలో ఆగిపోయే చిరాకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషన్ షాపుల్లోకి ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర సర్వర్ దాకా వెళ్లి, అవునన్న జవాబు తిరిగి వస్తేనే బియ్యం తూకానికి వస్తాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు తప్పనిసరి చేశారు. కరువుతో, వలసలతో బతుకు ఈడ్చే పశ్చిమ ప్రకాశంలో ఈ రెండూ పేదింటికి ఆధారాలు. పట్నంలో దారి తప్పిన డేటా ప్యాకెట్ ఒక క్షణం ఆలస్యం తెస్తుంది. ఇక్కడ అదే ప్యాకెట్ ఒక రోజు కూలిని అనుమానంలో పడేస్తుంది.

తప్పును కొలవడం ఎలా?

డిజిటల్ సమాచారమంతా సున్నాలు, ఒకట్లు. సున్నా ఒకటిగానో, ఒకటి సున్నాగానో అందితే అది తప్పు. పంపిన మొత్తం బిట్లలో ఎన్ని తప్పాయన్నదే బిట్ ఎర్రర్ రేటు. ఆప్టికల్ ఫైబర్ లింకుల్లో లక్ష కోట్ల బిట్లకు ఒక్క తప్పును మించకూడదని లక్ష్యం పెట్టుకోవడం మామూలే. ఆ మాట 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, కనీసం 3 లక్షల కోట్ల బిట్లు ఒక్క తప్పూ లేకుండా వెళ్లాయని చూపాలి. సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో పంపినా ఆ పరీక్షకు 50 నిమిషాలు పడుతుంది. ఆకాశం తేటగా ఉన్న పూట అయిదు నిమిషాలు పరీక్షించి లింకు బాగుందని సంతకం పెడితే, ఆ సంతకానికి శాస్త్రం దన్ను లేదు. ఎంతసేపు, ఏ వాతావరణంలో, ఏ చోట కొలిచారన్నది చెప్పని అంకెను నమ్మడానికి లేదు.

ఇక సరిదిద్దడం. మార్గం ఎంత రొదగా ఉన్నా, దాని సామర్థ్యానికి లోబడి పంపితే తప్పులను కోరినంత తక్కువకు తేవచ్చని క్లాడ్ షానన్ 1948లో రుజువు చేశాడు. నాలుగు బిట్లకు మూడు తనిఖీ బిట్లు జోడిస్తే ఒక తప్పును గుర్తించడమే కాదు, దిద్దనూవచ్చని 1950లో రిచర్డ్ హామింగ్ చూపాడు. ఈ ఆలోచన మన జేబుల్లోనే ఉంది. ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె, ముందున్న పదకొండు అంకెల నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అక్కడికక్కడే పట్టుబడుతుంది. తప్పు పుట్టిన చోటే దాన్ని పట్టుకోవాలన్నదే ఈ విద్యకంతటికీ మూలసూత్రం.

4జీ నెట్‌వర్క్ ఒక అడుగు ముందుకేసింది. మొదటిసారి పంపిన ప్రతి పది డేటా బ్లాకుల్లో ఒకటి తప్పినా ఫర్వాలేదన్నట్టుగా దాని వేగాన్ని సర్దుతారు. తప్పినదాన్ని సెకనులో వందో వంతు కూడా పట్టకుండా మళ్లీ పంపిస్తారు. చెడిన మొదటి ప్రతిని పారేయకుండా రెండోదానితో కలిపి చదువుతారు. కాబట్టి తప్పు జరగడం నేరం కాదు. దిద్దుబాటుకు లొంగని తప్పులు మిగిలిపోవడమే అసలు చేటు. ఇంటర్నెట్‌లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న సంప్రదాయ టీసీపీ పద్ధతి, ప్యాకెట్ పోతే దారిలో రద్దీ ఉందనుకుని తన వేగాన్ని తగ్గించుకుంటుంది. జవాబు రావడానికి సెకనులో పదో వంతు పట్టే లింకులో పదివేల ప్యాకెట్లకు ఒకటి పోతే సెకనుకు సుమారు 14 మెగాబిట్ల వేగం దక్కుతుంది. వందకు ఒకటి పోతే అది 1.4 మెగాబిట్లకు పడిపోతుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా తెర మీద సున్నా తిరుగుతూనే ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

ఒక్క ఫిర్యాదు, నాలుగు జబ్బులు

పశ్చిమ ప్రకాశం నేల ఈ లెక్కలన్నిటికీ పరీక్ష పెడుతుంది. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లే దారిలో, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో కొండలు తరంగాలకు అడ్డు నిలుస్తాయి. కొండను తాకి తిరిగొచ్చిన తరంగం నేరుగా వచ్చినదానితో కలిసి ఒక్కోసారి దాన్నే చెరిపేస్తుంది. దట్టమైన ఆకు కొంత మింగుతుంది. ఫైబర్ చేరని చోట టవర్‌ను మైక్రోవేవ్ డిష్‌తో నెట్‌వర్క్‌కు కలుపుతారు. జడివానకు ఆ లింకు బలహీనపడుతుంది. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ గాలివానకు తెగుతుంది, జాయింట్ల దగ్గర కాంతిని పోగొట్టుకుంటుంది. పులుల అభయారణ్యంలో కొత్త టవర్ నిలబెట్టాలంటే అనుమతుల మీద అనుమతులు కావాలి. ఊళ్లో మాత్రం వీటన్నిటికీ ఒక్కటే మాట: సర్వర్ పనిచేయడం లేదు. రేడియో తప్పుకు యాంటెన్నా సర్దాలి, రద్దీకి సామర్థ్యం పెంచాలి, డిష్ లింకుకు ఫైబర్ వేయాలి, కరెంటు పోతే బ్యాటరీ మార్చాలి. ఏది ఏ జబ్బో కొలవకుండా వేసే మందు డబ్బు దండగ.

అధికారిక కొలత ఎలా ఉంది? టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే నేటికీ ఆంధ్ర, తెలంగాణలు రెండూ కలిపి. కాల్ డ్రాప్ రెండు శాతం మించరాదన్న నిబంధనను ఆ విశాలమైన సర్కిల్ స్థాయిలో చూస్తే, గిద్దలూరు తప్పులు హైదరాబాద్ ఒప్పుల్లో కలిసిపోతాయి. ఈ లోపం గుర్తించే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో కొలమానాన్ని మార్చింది: కనీసం 90 శాతం సెల్స్ (టవర్ల ప్రసార పరిధులు), 90 శాతం రోజుల్లో ఆ ప్రమాణాన్ని అందుకోవాలంది. అది మంచి మార్పే. కానీ మిగిలిన పది శాతం సెల్స్ ఎక్కడుంటాయి? కొండ, అడవి, తక్కువ జనాభా ఉన్న చోట్లకే ఆ మినహాయింపు పోయే ప్రమాదం ఎక్కువ. కరువు విషయంలో మనం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాం. ఒంగోలు తీరాన కురిసిన వాన మార్కాపురం చేనును తడపదు గనుక కరువును మండలాల వారీగా ప్రకటిస్తారు. వానకు చెల్లిన న్యాయం సిగ్నల్‌కూ చెల్లాలి.

అభ్యంతరాలకు జవాబు

టవర్లు వస్తున్నాయి కదా, కొలతలతో పనేమిటని అడగవచ్చు. నిజమే, సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. 2025 సెప్టెంబరులో 97,500కు పైగా టవర్లతో స్వదేశీ 4జీ ప్రారంభమైంది. ఇవి గొప్ప అడుగులు. అయితే టవర్ నిలబడటం, డేటా చేరడం వేర్వేరు సంగతులు. వానకు వణికే డిష్ లింకు మీద ఆధారపడ్డ కొత్త టవర్, సిగ్నల్ గీతలను పెంచుతుంది గాని రేషన్ లావాదేవీని పూర్తి చేయించదు.

ప్రతి పల్లెనూ కొలవాలంటే తడిసి మోపెడవుతుందన్నది రెండో అభ్యంతరం. కానీ కొలత ఇప్పటికే జరుగుతోంది. మీ ఫోన్ సిగ్నల్ నాణ్యతను క్షణక్షణం టవర్‌కు చెబుతూనే ఉంటుంది. ఎన్ని బ్లాకులు మళ్లీ పంపాల్సి వచ్చిందో టవర్ లెక్క రాసుకుంటుంది. ఫైబర్ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో ఓటీడీఆర్ పరికరం చెబుతుంది. ఏ లావాదేవీ ఎక్కడ విఫలమైందో ఈ-పోస్ వ్యవస్థకు తెలుస్తుంది. కొత్తగా కావలసింది యంత్రాలు కాదు, ఉన్న లెక్కలను కలిపి మండలం పేరుతో ప్రకటించే నిర్ణయం.

అవి వ్యాపార రహస్యాలన్నది మూడో మాట. డిజిటల్ భారత్ నిధి వంటి ప్రజాధనంతో నిలబడ్డ టవర్ పనితీరు ప్రజలకు రహస్యం కారాదు. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనలు ఇప్పటికే కవరేజీ పటాలను కంపెనీల వెబ్‌సైట్లలో పెట్టాలంటున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి పర్యవేక్షణ మూడు నెలలకోసారి కాకుండా నెలనెలా జరిగేలా మారింది. కాలాన్ని చిన్నది చేసినట్టే స్థలాన్నీ చిన్నది చేయాలి.

తప్పులు పూర్తిగా పోవని షానన్ సిద్ధాంతం తెలిసినవారెవరైనా ఒప్పుకుంటారు. అందుకే సున్నా తప్పులను ఎవరూ కోరడం లేదు. కోరేది మూడే: మండలాల వారీగా ప్యాకెట్ నష్టం, కాల్ డ్రాప్, విఫలమైన ప్రభుత్వ లావాదేవీల లెక్క నెలనెలా బయటపెట్టాలి, వానాకాలపు కొలతను విడిగా చూపాలి, యంత్రం తప్పిన రోజున కూలీ హాజరు, కార్డుదారు బియ్యం ఆగకుండా కాగితం మీద నమోదుకు చట్టబద్ధమైన వీలు ఉండాలి. పశ్చిమ ప్రకాశం ప్రజాప్రతినిధులు టవర్ల సంఖ్యతో పాటు ఈ లెక్కనూ అడగాలి. లింకు చేసిన తప్పుకు మనిషి మూల్యం చెల్లించే పద్ధతి ఇకనైనా పోవాలి.