సమతాళంపై విషమగతి: లాటిన్ ఎలక్ట్రో హౌస్ సంగీతం – పాలమూరు డీజే పాట

పాలమూరు పల్లెల్లో పెళ్లి ఊరేగింపులోనో, వినాయక నిమజ్జనంలోనో డీజే పెట్టెల ముందు ఆడే యువకులకు ‘మూంబాటన్’ అనే పేరు తెలియకపోవచ్చు. కాని ఆ సంగీతం వినిపిస్తే వారి అడుగు తడబడే అవకాశం తక్కువ. దీనికి కారణం లయనిర్మాణంలో ఉంది. ఆ నిర్మాణాన్ని మనకు పరిచితమైన మాత్రాగణ పరిభాషలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1980లలో షికాగోలో పుట్టిన హౌస్ సంగీతానికి ఆధారం కిక్ డ్రమ్ సమాన దెబ్బలు. ఎలక్ట్రో హౌస్ దానికి గరుకైన సింథసైజర్ మంద్రనాదాన్ని చేర్చింది. అయితే సమతాళం ఒక్కటే ఎంతసేపు సాగినా దానిలో ఎదురుచూపు ఉండదు. లాటిన్ లయ చేసే పని ఇక్కడే తెలుస్తుంది. క్యూబా హబనేరాలోను, ప్యూర్టోరికో రెగ్గేటన్‌లోను ఎనిమిది మాత్రలు 3+3+2గా విడిపోతాయి. కిక్ 1, 5 మాత్రల మీద పడితే, లాటిన్ దెబ్బలు 1, 4, 7 మాత్రల మీద పడతాయి. మొదటి దెబ్బ కిక్‌తో కలుస్తుంది. రెండవది కిక్‌కు ఒక మాత్ర ముందే వచ్చేస్తుంది. మూడవది రెండు కిక్‌ల నడిమధ్య నిలుస్తుంది. పాదం సమతాళాన్ని, నడుము విషమగతిని పట్టుకుంటాయి. మళ్లీ ఒకటవ మాత్ర వద్ద రెండూ కలిసే క్షణమే ఈ సంగీతపు ఆకర్షణ.

2009లో వాషింగ్టన్‌కు చెందిన డేవ్ నాడా రెగ్గేటన్ వింటున్న కుర్రవాళ్ల విందులో ఒక డచ్ హౌస్ పాటను నిమిషానికి సుమారు 108 దెబ్బల వేగానికి తగ్గించి వాయించాడు. ‘మూంబా’ అన్న ఆ పాట పేరుకు రెగ్గేటన్ చివరిభాగం చేరి ‘మూంబాటన్’ అయింది. కొత్త వాద్యమేదీ లేకుండా, వేగాన్ని మార్చడమే ఇందులోని కల్పన.

తెలుగు చెవికి విషమగతి కొత్తది కాదు. వృషభగతి రగడ 3+4 మాత్రల మిశ్రగతిలో నడుస్తుంది. కాని అక్కడ అడుగున వేరే సమతాళం ఉండదు, తాళమే విషమం. తీన్‌మార్‌ది మరో పద్ధతి. అందులో ప్రతి దెబ్బా మూడుగా చీలి త్ర్యశ్రగతి ఏర్పడుతుంది. డీజే పాటలో ఈ త్ర్యశ్రం కింద కిక్ సమంగా నడుస్తుంది. కాబట్టి తీన్‌మార్, రెగ్గేటన్ ఒకటేనని చెప్పడం తొందరపాటు. రెండింటికీ సామాన్యమైనది మూడుకూ నాలుగుకూ మధ్య పెనుగులాట మాత్రమే.

చరిత్రలో ఒక పోలిక మాత్రం ఆసక్తికరం. కరేబియన్ లయలకు బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికన్లు మూలం. తీన్‌మార్ వినిపించే మర్ఫా వాద్యాన్ని హైదరాబాదుకు తెచ్చినవారు నిజాం కొలువులోని సిద్దీలు, హద్రమీ అరబ్బులు. ఏసీ గార్డ్స్, బార్కస్ ప్రాంతాల పేర్లలో ఆ కొలువు జాడ ఇంకా ఉంది. దీన్నిబట్టి ఉమ్మడి మూలాన్ని నిరూపించలేం.

ఇక సాహిత్య విద్యార్థిని కలవరపరిచే విషయం పాఠం. హౌస్ సంగీతం ఉద్రిక్తతను పెంచి, ఒక్కసారిగా వదిలే ‘డ్రాప్’ చుట్టూ అల్లుకుంటుంది. దానికి పల్లవి చాలు. కథాగేయానికి చరణాలు కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య (పద్మశ్రీ, 2022) పన్నెండు మెట్ల కిన్నెరపై పాడే పండుగ సాయన్న కథ వీరుని బతుకంతా చెప్పుకుంటూ సాగుతుంది. డ్రాప్ అంతసేపు ఆగదు. అటువంటి గేయం డీజే మిశ్రమంగా మారితే ముందుగా రాలిపోయేది కథే. డప్పు విషయంలో నష్టం మరో రకం. వాద్యకారుడు ఆడేవారి అడుగును చూసి దరువు మారుస్తాడు, అలసిన గుంపుకు నెమ్మదిస్తాడు. ఒకే తీన్‌మార్ లూప్‌ను పది పాటల కింద పరిచే డీజేకు ఆ చూపు అక్కరలేదు, అతణ్ని సృజనశీలి అనడమూ కష్టమే. గుంపును చూసి వేగం తగ్గించిన డేవ్ నాడా ఈ విషయంలో మన డప్పు కళాకారునికే దగ్గర.

పాలమూరు గాయకుల నోట ఉన్న పూర్తి పాఠాలను దరువులతో సహా నమోదు చేసి, వాటి డీజే రూపాలతో చరణం చరణంగా పోల్చవలసి ఉంది. ఏ చరణాలు నిలిచాయో, ఏవి రాలాయో అప్పుడు తేలుతుంది.