పసుపు విత్తనం ఎంపిక: పొలం పచ్చగా ఉన్నప్పుడే

గింజతో కాక భూగర్భ కాండంతో వృద్ధి చెందే మొక్కలు అనేకం. సమశీతోష్ణ దేశాల ఉద్యానాలలో ఐరిస్ పూలమొక్కను పూత ముగిసిన తరువాత తవ్వి, దుంపను ముక్కలుగా కోసి తిరిగి నాటుతారు. నంద్యాల, ఆళ్ళగడ్డ, కొత్తపల్లె పరిసరాల వేడిమికి, నల్లరేగడి నేలలకు ఆ పూలమొక్క అనువైనది కాదు. అయితే అదే విధంగా దుంపతో వ్యాప్తి చెందే పసుపు, ఆళ్ళగడ్డ నుంచి మైదుకూరు వరకు రైతులకు చిరపరిచితమైన పంట. రెండింటికీ ఉన్న ప్రమాదం ఒకటే: దుంపతోపాటు దానిలోని తెగులు కూడా కొత్త మడికి చేరుతుంది.

గింజ దశ లేని పంట

సాగులోని పసుపు త్రయస్థితిక మొక్క. క్రోమోజోముల సంఖ్య 63. అందువల్ల సాధారణంగా గింజ కట్టదు. ఐరిస్ కుటుంబానికి చెందిన కుంకుమపువ్వు కూడా ఇట్టి వంధ్య మొక్కే. దుంపతో పెంచినప్పుడు మైదుకూరు, టేకూరుపేట వంటి రకాల గుణాలు తరతరాలకు మారకుండా నిలుస్తాయి. అదే కారణంగా ఒక ఏటి దుంపకుళ్ళు మరుసటి ఏటి విత్తనంలోనూ కొనసాగగలదు.

దుంపకుళ్ళు

పిథియం శిలీంధ్రం కలిగించే ఈ తెగులు వర్షాకాలంలో, నీరు నిలిచే నేలల్లో తీవ్రమవుతుంది. మురుగు నెమ్మదిగా పోయే నల్లరేగడిలో ముప్పు మరింత ఎక్కువ. ఆకులు అంచుల నుంచి పసుపుబారి ఎండుతాయి. కాండం మొదలు నీటిలో నానినట్లు మెత్తబడుతుంది. లాగితే మొక్క సులభంగా ఊడివస్తుంది. దుంప కుళ్ళి దుర్వాసన వేస్తుంది.

ఎంపిక ఎప్పుడు?

ఈ లక్షణాలన్నీ పచ్చని పైరులోనే కనిపిస్తాయి. ఆకులు ఎండి, దుంపలు తవ్వి రాశి పోసిన తరువాత, తెగులు సోకిన మొక్క పక్కనే పెరిగిన దుంపను ఆరోగ్యవంతమైన దుంప నుంచి వేరు చేయడం కష్టం. కనుక పైరు పచ్చగా ఉండగానే తెగులు లేని భాగాన్ని గుర్తించి, విత్తనానికి ప్రత్యేకంగా కేటాయించాలి. ఆ భాగాన్ని విడిగా తవ్వి, విడిగానే నిల్వ చేయాలి. బయటి నుంచి విత్తనం కొనే రైతు కూడా వీలైతే ముందుగా పైరును చూసి నిర్ణయించుకోవడం మంచిది.

నిల్వ, విత్తనశుద్ధి

తవ్విన దుంపలకు కొంతకాలం నిద్రావస్థ ఉంటుంది. వాటిని నీడలో, గాలి ఆడే చోట రాశిగా పోసి ఎండిన పసుపు ఆకులతో కప్పాలి. నాటే ముందు మెత్తబడిన, గాయపడిన దుంపలను ఏరివేయాలి. లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో 30 నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టి నాటాలి. శుద్ధి ముఖ్యంగా దుంప పైభాగాన ఉన్న శిలీంధ్రాన్ని అదుపు చేస్తుంది. లోపల కుళ్ళిన దుంపను బాగు చేయలేదు. అందువల్ల అది ఎంపికకు తోడ్పాటే తప్ప ప్రత్యామ్నాయం కాదు.

ఐరిస్ దుంప పైభాగాన్ని ఎండ తగిలేలా పైపైనే నాటుతారు. పసుపు దుంపను మాత్రం సుమారు 5 సెంటీమీటర్ల లోతున మట్టితో కప్పాలి. నల్లరేగడిలో ఎత్తైన మడులు, మురుగు కాలువలు తప్పనిసరి. తెగులు వచ్చిన మడిలో వెంటనే పసుపు గానీ, అల్లం గానీ వేయరాదు.

ఒంటికన్ను మొలకలు

సాధారణ పద్ధతిలో ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తనం అవసరమవుతుంది. ఒక్కొక్క కన్ను ఉండేలా 5 నుంచి 7 గ్రాముల ముక్కలు కోసి, శుద్ధి చేసి, ట్రేలలో కొబ్బరి పొట్టు మిశ్రమంలో పెంచి, సుమారు నెల తరువాత నాటితే విత్తనం 3 క్వింటాళ్ళతో సరిపోతుంది. పొదుపుకన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది: మొలకెత్తని, బలహీనమైన ముక్కలను పొలానికి చేరకముందే ట్రేలోనే తొలగించవచ్చు. కోసే కత్తిని మాత్రం తరచుగా శుద్ధి చేయాలి. లేకుంటే ఒక దుంప తెగులు మరొక దుంపకు అంటుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు పసుపు రైతులకు విత్తనంపై శిక్షణను నాటే ముందు జూన్ మాసానికే పరిమితం చేయక, పైరు పచ్చగా ఉన్న అక్టోబరు, నవంబరు మాసాల్లో పొలంలోనే ఒక విడత నిర్వహించడం ప్రయోజనకరం. రానున్న ఏటి పంట ఆరోగ్యం ఆ రోజుల్లో వేసే గుర్తులపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.