నది వేరు, మహానది వేరు

రాయ్‌పూర్ నుంచి సంబల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారిపై, మహానదికి చేరువలో ఆరంగ్ అనే చిన్న పట్టణం ఉంది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేదాకా ఇది మధ్యప్రదేశ్‌లో ఉండేది. మయూరధ్వజ మహారాజు రంపపు కథ ఇక్కడే జరిగిందని స్థానికులు చెబుతారు. ‘ఆరా’ అంటే రంపం, ‘అంగ్’ అంటే శరీరం; రెండూ కలిసి ఆరంగ్ అయిందట.

కథ మాట ఎలా ఉన్నా, నేడు ఆరంగ్ అంటే ఎవరికీ రంపం గుర్తుకు రాదు, ఒక ఊరే గుర్తుకు వస్తుంది. ‘ఊరు’ అనేది జాతి నామవాచకం. ఎన్ని ఊళ్ళకైనా చెల్లుతుంది. ‘ఆరంగ్’ సంజ్ఞా నామవాచకం. ఆ ఒక్క ఊరిదే.

ఈ తేడాను చిన్న పిల్లలకు చెప్పడమెలా? ఇంగ్లీషులో పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది. తెలుగు, దేవనాగరి లిపులలో ఆ గుర్తు లేదు. అందుకే నిర్వచనం బట్టీ పట్టిస్తాం. తీరా ‘మహానది’ ఏ నామవాచకమని అడిగితే పిల్లవాడు తికమకపడతాడు. ‘మహా’, ‘నది’ రెండూ మామూలు మాటలే కదా!

నిజానికి ఈ తేడా పిల్లలకు బడికి రాకముందే తెలుసు. 1974లో కాట్జ్, బేకర్, మాక్నమారా అనే పరిశోధకులు 17 నెలల ఆడపిల్లలకు ఒక బొమ్మను చూపి, అర్థంలేని మాటతో పరిచయం చేశారు. ఇంగ్లీషులో ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఎ’ను చేర్చకుండా చెప్పినప్పుడు, పిల్లలు ఎక్కువగా ఆ బొమ్మనే ఎంచుకున్నారు. చేర్చి చెప్పినప్పుడు అలాంటి మరో బొమ్మనూ ఎంచుకున్నారు. చెక్కదిమ్మెలతో మాత్రం ఈ తేడా కనిపించలేదు.

మరి ‘ఎ’ లేని భాషల్లో? జపనీస్ కూడా తెలుగులాంటిదే. ఇమాయ్, హర్యూ 2001లో ప్రచురించిన పరిశోధనలో 2 నుంచి 4 ఏళ్ళ జపాన్ పిల్లలు తమకు తెలిసిన జంతువుకు కొత్త మాట వాడితే దాన్ని ఆ జంతువు పేరుగా తీసుకున్నారు. తెలియని జంతువుకు వాడితే ఆ జాతి పేరు అనుకున్నారు. అంటే, జాతి ముందే తెలిసి ఉంటే పేరును పట్టుకోవడం సులువు.

కాబట్టి పాఠాన్ని నిర్వచనంతో కాక, పిల్లలెరిగిన వాటితో మొదలుపెట్టండి. ముందు ఆవు, తర్వాత మన ఇంటి ‘గౌరి’. ఆపైన, మాట ముందు ‘మరొక’ చేర్చి చూడమనండి. ‘మరొక ఆవు’, ‘మరొక నది’ అంటే బాగుంటుంది. ‘మరొక మహానది’ అంటే పిల్లలే నవ్వుతారు. తరగతిలో ఇద్దరు లక్ష్మిలుంటే? వారిద్దరూ ‘లక్ష్మి’ అనే జాతివారు కారు. వేర్వేరుగా పెట్టిన పేర్లు కలిశాయంతే.

చివరగా ఒక చిక్కు ప్రశ్న అడగండి: ‘మరొక చంద్రుడు’ అనవచ్చా?  1610లో గెలీలియో దూరదర్శినిలో గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులు కనిపించాయి. అంతవరకు ఒక్కదానికే ఉన్న పేరు ఒక జాతికి పేరయింది. ‘ఇలాంటిది ఇంకొకటి ఉందా?’ అనే ప్రశ్న వ్యాకరణానిదే కాదు, విజ్ఞానశాస్త్రానిది కూడా.