మరల అడుగ నేర్చిన మోడెము

పసిఫిక్ మహాసముద్రమును చిన్న తెరచాప పడవలో దాటు దంపతులను గూర్చి తరగతిలో చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "సముద్రం మధ్యలో టవరే ఉండదు గదా మాస్టారూ, వాళ్లు ఇంటికి మెయిల్ ఎలా పంపిస్తారు?" అని అడిగెను. ఉపగ్రహమని ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును. కాని ఉపగ్రహసేవలు చిన్న పడవలకు అందుబాటులోనికి రాకమునుపే సామాన్య నావికులు వేల కిలోమీటర్ల దూరమునుండి ఉత్తరములు పంపుచుండిరనియు, వారికి ఆ పని చేసిపెట్టినది పాక్టర్ పద్ధతిలో నడచు ఒక రేడియో మోడెమనియు చెప్పక నాకు మనసొప్పలేదు.

మోడెము చేయు పని పైకి స్వల్పముగనే కనబడును: కంప్యూటరు ఇచ్చు ఒకట్లను సున్నలను రెండు స్వరములుగా మార్చి రేడియోకు అందించుట, రేడియోలో వినవచ్చిన స్వరములను తిరిగి ఒకట్లుగా సున్నలుగా మార్చుట. కష్టమంతయు దారిలోనే యున్నది. 3 నుండి 30 మెగాహెర్ట్జ్‌ల నడిమి షార్ట్‌వేవ్ తరంగములు పైకెగసి, అయనోమండలమున వంగి, దిగంతమునకు ఆవల భూమికి దిగును. ఐతే ఆ మండలము ఎండను బట్టి, వేళను బట్టి ఎల్లప్పుడును కదలుచుండుటచే ఒక క్షణము స్పష్టముగా విన్న స్వరము మరుక్షణము మునిగిపోవును, ఎక్కడో మెరసిన మెరుపు చిటపటలు దానిపై వచ్చి పడును.

మాట చెదరుచున్నప్పుడు గొంతు పెంచుట ఎవరికైనను తోచు ఉపాయమే. కాని పడవలోని బ్యాటరీకి అంత శక్తి లేదు. డచ్చి తపాలా తంతిశాఖ ఇంజనీరు వాన్ డ్యూరెన్ 1940ల దశకములో వేరొక త్రోవ త్రొక్కెను. ప్రతి అక్షరమునకు ఏడు స్పందనములు కేటాయించి, వానిలో మూడు ఒక తీరుగను నాలుగు మరొక తీరుగను ఉండితీరవలెనని ఆయన నియమించెను. అట్టి అమరికలు సరిగా 35 కలవు; తంతివార్తకు అవి చాలును. ఒక్క స్పందనము తారుమారైనను లెక్క తప్పును, లెక్క తప్పినంతనే వినుచున్న యంత్రము మనుష్యుని ప్రమేయము లేకయే మరల పంపుమని సంకేతమిచ్చును.

ఓడల టెలెక్సు ఈ బాటనే నడచెను. 1970ల చివర ఇంగ్లండులోని పీటర్ మార్టినెజ్ అను హామ్, అనగా అభిరుచికై రేడియో నడుపువాడు, దానిని తోటి హామ్‌లకు పనికివచ్చునట్లు మలచి ఆమ్‌టార్ అను పద్ధతిని నెలకొల్పెను: 210 మిల్లీసెకండ్లలో మూడక్షరములు పంపుట, 240 మిల్లీసెకండ్లు చెవియొగ్గుట. తరువాత ప్యాకెట్ రేడియో వచ్చి, కంప్యూటరులోని సమస్త అక్షరములను 16 బిట్ల తనిఖీసంఖ్యతో కట్టగట్టి పంపసాగెను. ఆమ్‌టార్‌లో ఆంగ్లపు చిన్నక్షరములు లేవు, పెద్దవే కలవు. ఎదురెదురు పొరపాట్లు రెండు ఒకే అక్షరమున పడినచో లెక్క సరిపోయి తప్పు దాగిపోవును. ప్యాకెట్టునకు ఈ దోషములు లేవు గాని, దాని కట్ట పొడవు; షార్ట్‌వేవ్‌లో ఒక్క బిట్టు చెడినను కట్టయంతయు వ్యర్థము. ఈ రెంటి స్పర్థలో నా పక్షము ఆమ్‌టార్‌దే, ఏలయన ఆకాశము నిలకడ లేనిదని ఎరిగి మాట చిన్నదిగా చేసికొన్నది అదియే.

జర్మనీ హామ్‌లైన హాన్స్-పీటర్ హెల్ఫర్ట్, ఉల్రిచ్ స్ట్రాటేలు ఆమ్‌టార్ లయను, ప్యాకెట్టు తనిఖీని కలిపి 1990 ప్రాంతమున పాక్టర్‌ను నిర్మించిరి. దాని ఆవృత్తి 1.25 సెకండ్లు. అందు 0.96 సెకండ్లు మాట, 0.12 సెకండ్లు అవతలివాని బదులు, మిగిలినది 0.17. భూగోళపు అవతలి కొసకు పోయి వచ్చుటకు, అనగా 40,000 కిలోమీటర్లకు, తరంగమునకు 0.13 సెకండ్లు పట్టును. శేషించిన 0.04 సెకండ్లలోనే రేడియోలు పలుకుటనుండి వినుటకు, వినుటనుండి పలుకుటకు మారవలయును! ఇంత ఇరుకని తెలిసియే దూరపు దారులకై వారు 1.4 సెకండ్ల ఆవృత్తిని కూడ ఏర్పరచిరి. దారి బాగున్నప్పుడు ఒక ఆవృత్తిలో 20 అక్షరములు, బాగులేనప్పుడు 8 అక్షరములు పోవును. మంచి వేళ వేయి అక్షరముల ఉత్తరమునకు సుమారు నిమిషము చాలును.

నన్ను ముగ్ధుని చేసినది వేగము కాదు. మునుపటి యంత్రములు చెడిన ప్రతిని పారవేసి క్రొత్తదానికై వేచియుండెడివి, పాక్టర్ పారవేయదు. వచ్చిన స్వరము ఒకటియో సున్నయో తేలనప్పుడు తొందరపడి తీర్పు చెప్పక, దాని బలమును కొలిచి దాచుకొని, మరల వచ్చిన ప్రతియొక్క కొలతను దానికి కూడును. శిథిలమైన తాళపత్ర ప్రతులు నాలుగింటిని ముందిడుకొని, ఏ ఒక్కటియు పూర్ణము కాకున్నను, పాఠమును నిర్ణయించు పరిష్కర్త పని వంటిదే ఇది. నాలుగు ప్రతులు కలిసినచో సంకేతము నాలుగింతలగును. రొదకు ఒక దిశ లేదు గావున అది రెండింతలు మాత్రమే యగును. విడివిడిగా ఏదియు చదువరాని ప్రతులనుండి చదువనగు మాట పుట్టును. ఇంతకంటె సూక్ష్మమైనది మరొకటి కలదు. ప్రతి ఆవృత్తిలోను ఒకటికి ఏ స్వరము, సున్నకు ఏ స్వరము అను ఏర్పాటును యంత్రము తారుమారు చేయును. అందుచే ఎక్కడినుండియో వచ్చి ఎడతెగక మ్రోగు ఈల ఒక పర్యాయము ఒకటి వైపునకు, మరుపర్యాయము సున్న వైపునకు లాగి, కూడికలో తన్ను తానే రద్దుచేసికొనును. శత్రువు మొండితనమునే అతని ఓటమికి హేతువుగా చేసిన ఈ యుక్తిని తలచినప్పుడెల్ల నాకు ఆనందము కలుగును.

ఇంత నేర్పరియైన పెట్టెను పడవలో అమర్చుట వేరొక విద్య. కంబము కొననుండి పడవ వెనుకభాగమునకు దిగు ఉక్కుతాడునే క్రింద మీద అవాహకములతో వేరుచేసి ఆంటెన్నాగా వాడుదురు. దాని చెంత ట్యూనరు నిలిచి ఏ తరంగమునకైనను దానిని పొసగించును. ఐతే తాటి పొడవు తరంగములో సగము కారాదు. 14 మెగాహెర్ట్జ్‌లకు అది సుమారు 10.5 మీటర్లు, అచట వోల్టేజి మిక్కిలి పెరిగి ట్యూనరునకు పట్టు చిక్కదు. తాడు పట్టుకొన్న చేయి కాలకుండుటకు క్రింది అవాహకమును చేతికందని ఎత్తున ఉంచుదురు. ఆంటెన్నాకు తోడుగా భూమి వలయును గదా. పడవకు ఉప్పునీరే భూమి. ట్యూనరునుండి నీటిని తాకు లోహమువరకు వెడల్పైన రాగిరేకు పరచుదురు, ఏలయన రేడియో విద్యుత్తు లోహపు పైపొరనే ప్రవహించును. రేకును నడుమ తెంపి కెపాసిటర్లతో కలిపినచో రేడియో విద్యుత్తు దాటును, లోహములను తినివేయు నిలకడ విద్యుత్తు దాటదు. రేడియో పలుకునప్పుడు 12 వోల్టుల బ్యాటరీనుండి 20 ఆంపియర్లకు పైగా లాగును. తీగ సన్ననిదైనచో వోల్టేజి దారిలోనే హరించును. ఇక కంప్యూటరు ఛార్జరు, ఫ్రిజ్జు మోటారు, సౌరఫలకముల నియంత్రకము, ఇవన్నియు రొద పుట్టించునవే. ఒక్కొక్కటి ఆర్పి, రేడియో చెంత చెవియొగ్గి దోషిని కనుగొనవలయును. కేబుళ్లకు ఫెర్రైట్ వలయములు తొడుగనిచో ప్రసారమారంభమైనంతనే కంప్యూటరు మోడెమును మరచును, యంత్రచుక్కాని దారి తప్పును.

తరువాతి కథ త్వరితముగా నడచెను. రెండవ, మూడవ పాక్టర్‌లు స్వరముల దశలను వాడి వేగము పెంచినవి. హామ్ లైసెన్సుగల వారికి విన్‌లింక్ అను మెయిల్ వ్యవస్థయు, ఇతర పడవలవారికి సెయిల్‌మెయిల్ అను వ్యవస్థయు తీరస్టేషన్లను నడిపినవి. వాతావరణ పటములు కూడ ఆ దారినే పడవలకు చేరినవి. కంప్యూటరులోనే నడచు మోడెములు వచ్చెను, చవుకైన ఉపగ్రహసేవలు పెక్కు పడవలలో షార్ట్‌వేవ్ రేడియోను మూలకు నెట్టెను. నాల్గవ పాక్టర్ సెకండునకు 1800 సంకేతములు పంపగలిగినను, 300 దాటరాదను నిబంధనచే అమెరికా హామ్‌లకు చాలకాలము దక్కలేదు. 2023లో ఆ దేశపు ప్రసారశాఖ ఆ నిబంధనను తొలగించి, దాని స్థానమున 2.8 కిలోహెర్ట్జ్‌ల వెడల్పును హద్దుగా పెట్టెను.