కాన్పులో కింద చిరగడం తలరాత కాదు

కృత్తివెన్ను: కాన్పయిన ఇంటికి వెళ్లినవారు మొదట అడిగేది “ఆడా, మగా?” అని. తరువాత “మామూలు కాన్పేనా, ఆపరేషనా?” అని. “కింద ఎన్ని కుట్లు పడ్డాయి?” అని మాత్రం ఎవరూ పైకి అడగరు. అది ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునే మాట. తల్లి పది రోజుల్లో లేచి తిరుగుతుందా, నెలల తరబడి బాధపడుతుందా అన్నది చాలావరకు ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

బిడ్డ తల బయటకు వచ్చేటప్పుడు యోనికీ మలద్వారానికీ నడుమనున్న చర్మం, కండ బాగా సాగుతాయి. తొలిచూలులో చాలామందికి ఎంతో కొంత చిరుగుతుంది. పైచర్మం మాత్రమే చిరిగితే తరచు కుట్టు కూడా అక్కరలేదు. కండ చిరిగితే కుట్లు వేస్తారు, మానిపోతుంది. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దాకా చిరగడం అరుదే. కాని దాన్ని గమనించకుండా పైపైన కుట్టి పంపేస్తే ఆ తల్లికి గాలినీ, విరేచనాన్నీ ఆపుకోవడం చేతకాదు. నాట్ల కాలంలో మోకాటి లోతు బురదలో వంగి పనిచేసే మనిషికి, మరుగు దొరకని రొయ్యల చెరువు గట్ల మీద రోజంతా గడిపే మనిషికి ఇది ఎంత నరకమో చెప్పనక్కరలేదు. పెళ్లికీ పేరంటానికీ వెళ్లడం మానుకుంటుంది. ఎందుకు మానుకుందో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పదు.

చిరగడాన్ని పూర్తిగా తప్పించలేకపోయినా బాగా తగ్గించవచ్చు. ఇది తొమ్మిదో నెల నుంచే మొదలు కావాలి. ముప్పై అయిదో వారం నుంచి వారానికి ఒకటి రెండుసార్లు ఆ భాగాన్ని నూనెతో మర్దన చేసుకున్న తొలిచూలు తల్లులకు కుట్లు, కోతలు తగ్గుతున్నట్లు పరిశీలనల్లో తేలింది. గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శుభ్రమైన కొబ్బరినూనె బొటనవేళ్లకు రాసుకుని, వాటిని యోనిలో అంగుళం లోపలకు పెట్టి, మలద్వారం వైపుకూ పక్కలకూ మెల్లగా నొక్కి సాగదీయాలి. కొద్దిగా చురుక్కుమనాలి, నొప్పి పుట్టకూడదు. అయిదు నిమిషాలు చాలు. పొట్ట అడ్డం వచ్చి చేయి అందకపోతే భర్త చేయవచ్చు. ఇది రాయడానికి మాకూ మొహమాటంగానే ఉంది. అయితే ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది ఆడకూతురు. ఉమ్మనీరు పోయినవారు, రక్తం కనిపిస్తున్నవారు, మాయ కిందికి ఉందని డాక్టరు చెప్పినవారు, దురద, తెల్లబట్ట ఎక్కువగా ఉన్నవారు మాత్రం ఈ పని చేయరాదు. ఎవరైనా సరే, ముందు నర్సమ్మను అడిగి మొదలుపెట్టడం మంచిది.

నొప్పుల వేళ చుట్టూ చేరినవారంతా “ముక్కమ్మా, గట్టిగా ముక్కు” అని తొందరపెడతారు. ప్రేమతోనే అంటారు, కాని ఆ తొందరే చేటు. గర్భద్వారం పూర్తిగా తెరుచుకుని, తనకు తానుగా ముక్కాలనిపించినప్పుడే ముక్కాలి. తల కనిపించి నిలిచిన తరువాత ముక్కడం ఆపి, నోరు తెరిచి చిన్న చిన్న ఊపిరులు వదలాలి. తల మెల్లమెల్లగా జారాలి. ఆ సమయంలో గోరువెచ్చని నీళ్లలో పిండిన శుభ్రమైన గుడ్డను అక్కడ అదిమి ఉంచితే పెద్ద చిరుగుళ్లు తగ్గుతాయి. నర్సు ఒక చేత్తో తల దూసుకురాకుండా ఆపి, రెండో చేత్తో కింది కండకు దన్ను ఇస్తుంది. నార్వేలోని ఫ్రెడ్రిక్‌స్టాడ్ ఆసుపత్రిలో ఈ చేతి పనిని సిబ్బంది అందరికీ మళ్లీ నేర్పించారు. అక్కడ 2002లో నూటికి నాలుగు దాకా ఉన్న పెద్ద చిరుగుళ్లు 2007 నాటికి దాదాపు ఒకటికి దిగివచ్చాయి. కొత్త యంత్రమేదీ కొనలేదు.

రెండు పనులు మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఒకటి, పైనుంచి పొట్టను నొక్కి బిడ్డను తోయడం. దీన్ని చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. రెండోది, ఇంటి దగ్గర నొప్పులు పెంచే ఇంజక్షను చేయించడం. దానివల్ల గర్భసంచే పగిలి తల్లీబిడ్డల ప్రాణం మీదికి రావచ్చు.

ఇక కోత సంగతి. “చిరగడం కంటే కత్తిరించి కుట్టడమే మేలు” అన్న మాట మన దగ్గర పాతుకుపోయింది. డబ్లిన్ నగరంలో ఫీల్డింగ్ ఔల్డ్ అనే వైద్యుడు 1742లో కష్ట కాన్పుల కోసం రాసిన ఈ పద్ధతిని, 1920లో అమెరికా వైద్యుడు డీలీ తొలిచూలు వాళ్లందరికీ మేలంటూ ప్రచారం చేశాడు. నిజంగా మేలేనా అని అర్జెంటీనాలో 2606 మంది తల్లులను రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టులో నూటికి 83 మందికి, రెండో జట్టులో 30 మందికి కోత పెట్టారు. పెద్ద చిరుగుళ్లు రెండు జట్లలోనూ దాదాపు సమానంగానే వచ్చాయి. ఈ ఫలితాలు 1993లో వెలువడ్డాయి. అంటే ఎక్కువ మందిని కోసినందువల్ల ఒరిగిందేమీ లేదు. అలాగని “కోత పెట్టనివ్వం” అని డాక్టరుతో తగవు పడటమూ సరికాదు. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతున్నప్పుడు, పట్టకారు వేయవలసి వచ్చినప్పుడు కోత అవసరమవుతుంది. “ఎందుకమ్మా?” అని అడగడం మాత్రం మన హక్కు.

కాన్పు పూర్తయ్యేదాకా పక్కనే ఉండి ఓపికగా చేయించే మనిషి కావాలి. పూర్వం మంత్రసాని ఆ పని చేసేది. శుభ్రత తెలియక హాని చేసిన మంత్రసానులూ ఉన్నారు గాని, ఆ ఓపిక మాత్రం గొప్పది. చదువూ ఓపికా రెండూ ఉన్న నర్సులను తయారుచేయడానికి తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో శిక్షణ ప్రారంభించారు. మరుసటి సంవత్సరం కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

బిడ్డ పుట్టాక నర్సో డాక్టరో మంచి వెలుతురులో పరీక్ష చేసి, మలద్వారంలో కూడా వేలుపెట్టి చూడాలి. అలా చూస్తేనే లోపలి చిరుగు తెలుస్తుంది. పెద్ద చిరుగుకు ఆపరేషన్ గదిలో, మత్తు ఇచ్చి కుట్టాలి. అలాంటప్పుడు 108లో 216 జాతీయ రహదారి మీదుగా బందరు పెద్దాసుపత్రికి పంపితే “ఇంత దూరమా” అని వెనుకాడవద్దు. అక్కడ 2023లో వైద్య కళాశాల కూడా మొదలైంది. చినగొల్లపాలెం వంటి సముద్రపు అంచు ఊళ్లవారు నొప్పులు మొదలవగానే బయలుదేరడం మంచిది.

ఇంటికి వచ్చాక పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు, కూరలు తగ్గించేస్తారు. దానితో విరేచనం గట్టిపడి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. అత్తగారూ అమ్మగారూ దయచేసి ఆమెకు దాహం తీరా నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఇవ్వండి. కుట్ల చోటును శుభ్రమైన నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. జ్వరం, చీము, దుర్వాసన ఉన్నా, కుట్లు విడిపోయినా అదే రోజు చూపించాలి. విరేచనం, మూత్రం ఆగడం లేదంటే అది సిగ్గుపడవలసిన విషయం కాదు, చికిత్స ఉన్న జబ్బు. కాన్పయి ఏళ్లు గడిచినా బాగుచేయవచ్చు. మళ్లీ నెల తప్పినప్పుడు, వెనుకటి కాన్పులో ఎంత చిరిగిందో రాసి ఇచ్చిన కాగితాన్ని మొదటి పరీక్షకే వెంట తీసుకువెళ్లాలి.