పేషెంట్ తాలూకు ఎవరు?

పెద్దాసుపత్రి వార్డు గుమ్మంలో నిలబడి నర్సు కేకేస్తుంది: "ఆరో నంబరు బెడ్, పేషెంట్ తాలూకు ఎవరు?" వరండాలో చాప మీద అప్పుడే కునుకు పట్టిన ఒకావిడ ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుంటూ పరుగెత్తుతుంది. మందుల చీటీ తీసుకుంటుంది. రక్తం శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్తుంది. స్కానింగుకు వెళ్లేటప్పుడు స్ట్రెచర్‌కి ఓ చివర తనే పడుతుంది. కేస్ షీటులో రోగి పేరుంటుంది, డాక్టరు పేరుంటుంది. ఆవిడ మాత్రం డిశ్చార్జి దాకా 'తాలూకు'గానే మిగిలిపోతుంది.

ఇంటికొచ్చాక ఆ మాట కూడా ఉండదు. అసలు పని మొదలయ్యేది అప్పుడే.

పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టర్లు చెబుతారు. ఒకే వైపు పడుకుంటే, బరువు ఆనిన చోట రక్తం ఆడక చర్మం కమిలి పుండు పడుతుంది. రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండుసార్లు. వాటిలో మూడు నాలుగు ఊరంతా నిద్రపోయే వేళలోనే వస్తాయి. ముక్కు గొట్టం ఉంటే జావ వడగట్టి, తల ఎత్తుగా పెట్టి, నెమ్మదిగా పోయాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా రావచ్చు. యూరిన్ బ్యాగు ఖాళీ చేయాలి, డైపర్ మార్చాలి, షుగర్ చూడాలి, మాత్రలు వేళకు వేయాలి. ఆసుపత్రిలో ఈ పనులకు నర్సులు, ఆయాలు, వార్డుబాయ్‌లు షిఫ్టుల వారీగా ఉంటారు. ఇంట్లో అన్ని షిఫ్టులూ ఒక్కరివే. పైగా నర్సులు ఏళ్ల తరబడి చదివి నేర్చుకున్న పనిని, డిశ్చార్జి హడావిడిలో పావుగంటలో చెప్పేసి పంపిస్తారు.

జ్ఞాపకం చెదిరిపోయే డిమెన్షియా జబ్బు వచ్చిన ఇంట్లో కష్టం మరోలా ఉంటుంది. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఆ జబ్బు ఉందని 2023లో వెలువడిన అంచనా. అడిగిందే పదిసార్లు అడుగుతారు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న అరగంటకే "నాకు అన్నం పెట్టలేదు" అని వచ్చినవాళ్లతో చెబుతారు. అర్ధరాత్రి గడియ తీసుకుని వీధిలోకి వెళ్లిపోతారు. ఆ మాటలు జబ్బు పలికిస్తున్నవని తెలిసినా, పడేవాళ్ల మనసు నొచ్చుకోకుండా ఉండదు.

ఈ పని ఎవరు చేస్తున్నారో ఇప్పుడు లెక్కలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనుల్లో ఉన్నారు. మగవాళ్లలో ఉన్నది 21.4 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు దాదాపు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల పెంపకం కూడా ఇందులోనే ఉంది. వంట, ఊడ్పు, ఉతుకు ఈ లెక్కలోకి రావు, అవి వేరే పద్దు.

ఇలాంటి అంకెలు ఒకసారి సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కాయి. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో, నాటి మన కృష్ణా జిల్లా పొన్నవరానికి చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక అభిప్రాయం రాశారు. 2019 నాటి సర్వే అంకెలను ఉటంకించి, గృహిణి పనికి విలువ కట్టడమంటే ఆ శ్రమను గుర్తించడమేనని చెప్పారు. మంచి మాటే. కానీ ఆ విలువ కట్టింది ఆ గృహిణి చనిపోయిన తర్వాత. బతికుండి చేస్తున్నప్పుడు ఆ పనికి ఏ కాగితం మీదా చోటు లేదు.

చోటు లేకపోవడానికి మన మాటలు కూడా కొంత కారణమేమో. ఈ పనికి తెలుగులో రెండు పేర్లున్నాయి. పొగిడేటప్పుడు 'సేవ' అంటాం: "అత్తగారికి ఎంత సేవ చేసిందమ్మా!" విసిగినప్పుడు 'చాకిరీ' అంటాం. సేవ అన్నాక సెలవు అడగకూడదు, అడిగితే పుణ్యం తగ్గుతుంది. చాకిరీ అన్నాక గౌరవం ఆశించకూడదు. ఆ రెంటి మధ్య ఉండాల్సిన 'పని' అనే మామూలు మాట వాడం. పని అంటే దానికి గంటలుంటాయి, నేర్పు ఉంటుంది, అలుపు ఉంటుంది, బదులు మనిషి ఉంటాడు.

చట్టానికి ఈ మనిషి బొత్తిగా తెలియకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, డబ్బు తీసుకునైనా తీసుకోకుండానైనా సంరక్షణ చేసేవారిని, తల్లిదండ్రులనూ కుటుంబ సభ్యులనూ కలుపుకుని, నిర్వచించింది. ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఉండాలని 24వ సెక్షన్‌లో రాసింది. అయితే ఆచరణలో మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రధానంగా అందుతున్నది పింఛనే. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి నెలకు 15,000 రూపాయలు ఇస్తోంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. ఇవి ఆ ఇళ్లకు పెద్ద ఆసరా, సందేహం లేదు. కానీ పింఛను రోగి పేరు మీద వస్తుంది. ఆయన కోసం మిషను కుట్టడం మానేసిన భార్య, ఉద్యోగం వదులుకున్న కూతురు ఏ జాబితాలోనూ ఉండరు. రోగి కన్నుమూసిన నెలలో పింఛను ఆగిపోతుంది. పదేళ్లు సంపాదనకు దూరమై చూసుకున్నందుకు ఆ మనిషి చేతిలో ఏమీ మిగలదు.

కేరళ ఈ తేడాను గమనించింది. మంచాన పడ్డవారిని పూర్తికాలం చూసుకునేవాళ్ల కోసమే 'ఆశ్వాసకిరణం' అనే పథకం పెట్టి నెలకు 600 రూపాయలు ఇస్తోంది. చిన్న మొత్తం, అదీ నెలల తరబడి బకాయి పడ్డ సందర్భాలున్నాయి. అయినా చూసుకునే మనిషి పేరుతో ప్రభుత్వం దగ్గర ఒక జాబితా అంటూ ఏర్పడింది.

గుర్తింపు అడగకుండా రాదనడానికి బ్రిటన్ కథ ఉంది. ముసలి తల్లిదండ్రుల కోసం చర్చిలో కొలువు వదులుకున్న మేరీ వెబ్‌స్టర్, తనలాంటి ఒంటరి ఆడవాళ్ల అవస్థ గురించి 1963లో పత్రికలకు రాసింది. "నాదీ అదే బతుకు" అంటూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1965లో సంఘం ఏర్పడింది. 1976లో ప్రభుత్వం సంరక్షకులకు భత్యం మొదలుపెట్టింది, కానీ పెళ్లయిన ఆడవాళ్లకు ఇవ్వలేదు. వాళ్లెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది అక్కడి తర్కం. తల్లిని చూసుకుంటున్న జాక్వెలిన్ డ్రేక్ అనే వివాహిత యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి పోరాడితే, 1986లో ఆ అడ్డు తొలగింది. "ఇంట్లో ఉండేదే కదా" అన్న మాట మన ఇళ్లలోనూ కొత్తది కాదు.

డబ్బొక్కటే ఆసరా కాదు. డిశ్చార్జికి ముందు రెండు రోజులు, మనిషిని నడుం పట్టేయకుండా ఎలా లేపాలో, గొట్టం ఎలా శుభ్రం చేయాలో దగ్గరుండి చేయించి నేర్పితే సగం భయం పోతుంది. నెలకు నాలుగు రోజులైనా రోగిని అప్పగించి రాగల కేంద్రం మండలానికొకటి ఉంటే, సంరక్షకులు తమ బీపీ తాము చూపించుకోగలుగుతారు. ఇప్పటికే ఉన్నవాటి గురించి కూడా చాలామందికి తెలియదు. మనసు బరువెక్కినప్పుడు టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి రోగులే కాదు, చూసుకునేవాళ్లూ ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్ల విషయాలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా దొరుకుతుంది.

ఇక ఇంటి లెక్క. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నలుగురుంటే, ఒకరు అమెరికా నుంచి డబ్బు పంపుతారు, ఒకరు హైదరాబాద్ నుంచి ఫోన్లో సలహాలు పంపుతారు, ఒకరు పండక్కి వస్తారు. నాలుగోవారి ఇంట్లో ఇల్లాలు చేస్తుంది. డబ్బు పంపడం తక్కువేమీ కాదు. కానీ ఆ డబ్బులోంచి పగటిపూట ఒక ఆయాను పెట్టమని, రాత్రి పనికి జీతం ఆ ఇల్లాలి పేరు మీదే వేయమని అన్నవాళ్లు ఎంతమంది?

మనకు చూసిపోయేవాళ్లు ఎక్కువ, చూసుకునేవాళ్లు తక్కువ. ఈసారి పళ్లు పట్టుకుని ఎవరినైనా చూసిపోవడానికి వెళితే, రోగిని పలకరించాక మంచం పక్కన ఉన్న మనిషిని కూడా "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడగండి. అడిగి లేచి వచ్చేయకండి. మందులు ఏ వేళకు ఏవో ఆవిడ దగ్గర తెలుసుకుని, ఒక పూట మీరు కూర్చోండి. ఆవిడ కాస్త పడుకుని లేస్తుంది.